అప్పలస్వామి గారి చెక్క ఛాతీ

మా పక్క వాటాలో కొన్నాళ్ళుగా వడ్రంగి పని నడుస్తోంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వసారాలోకి వస్తే రంపం చప్పుడుకన్నా ముందు పొట్టు వాసన వస్తుంది. పచ్చిగా, కాస్త తియ్యగా, ముక్కులో దురద పెట్టే వాసన. దానికి అందరికీ కొత్త తలుపులో, పందిరి మంచమో గుర్తుకొస్తాయేమో. నాకు మాత్రం మనిషి ఊపిరితిత్తులు గుర్తుకొస్తాయి. ఆ మాట మొన్న ఆ వడ్రంగి మేస్త్రీతో అంటే నా వైపు ఒకలా చూసి, మళ్ళీ రంపం అందుకున్నాడు. అతన్ని నిలబెట్టి చెప్పే కథ కాదు ఇది. కానీ అప్పలస్వామి గారిని ఎరిగినవాళ్ళం ఇప్పుడు కొద్దిమందిమే మిగిలాం. ఆయన్ని చూడనివాళ్ళకి చెప్పాలనిపించి రాస్తున్నాను.

అరవైల చివర విజయనగరంలో, ఊరి బయట ఒక ధర్మసంస్థ నడిపే ఆసుపత్రిలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. కాన్సరుకి కోబాల్టు కిరణాలతో వైద్యం చేసే యంత్రాన్ని ఆసుపత్రివాళ్ళు అప్పటికి కొంతకాలం కిందటే తెప్పించారు. నేను ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేశాను. ఫిజిక్సు చదివిన పిల్లకి ఆసుపత్రిలో పనేమిటో మా నాన్నకి ఎన్నిసార్లు చెప్పినా అర్థమయ్యేది కాదు. నిజానికి పని సులువుగానే చెప్పవచ్చు. రోగికి ఎంత కిరణం కావాలో డాక్టరు నిర్ణయిస్తారు. కిరణం శరీరంలోకి వెళ్ళేకొద్దీ బలం తగ్గిపోతూ ఉంటుంది. ఎటువైపు నుంచి, ఎంతసేపు పెడితే, లోపల గడ్డ దగ్గరికి చేరేసరికి డాక్టరు కోరినంత మిగులుతుందో లెక్క కట్టి చెప్పడం మా పని. ఆ లెక్కల గదికి పెద్ద అప్పలస్వామి గారు.

ఆయనది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. వరి, గోగునార పండించే రైతు కుటుంబం. బొంబాయిలో శిక్షణ అయి వచ్చారు. అయినా తెల్ల పొట్టిచేతుల చొక్కాతో సైకిలు మీద ఆసుపత్రి గేటు దాటి వస్తుంటే, పొలం పని ముగించుకుని సంతకి బయలుదేరిన మనిషిలాగే కనిపించేవారు. మీటింగుల్లో పుస్తకాల తెలుగు, ఇంగ్లీషు మాట్లాడేవారు. మా గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నారంటే ఊరి మాటే. మొదటిరోజు నేను నా సర్టిఫికెట్లు చూపించబోతే, అవి పక్కన పెట్టి నన్ను యంత్రం ఉన్న గదిలోకి తీసుకెళ్ళారు.

"ముందల ఆ బల్ల మీద పడుకో సరోజమ్మా," అన్నారు.

నేను వెల్లకిలా పడుకున్నాను. యంత్రం ఆపే ఉంది. ఆయన బయటికి వెళ్ళి ఆ బరువైన తలుపు మూసేశారు. మందపాటి గోడల మధ్య, ముఖానికి పైగా వేలాడుతున్న ఆ ఇనుప తలకాయ కింద, నేనొక్కదాన్నే. కాసేపటికి ఆయన తలుపు తీసుకుని వచ్చారు.

"ఎలాగున్నాది?"

"భయంగా ఉంది సార్."

"మరి రోజూ ఆ రోగులు అక్కడ పడుకుంటన్నారు. ఇంక రా, లెక్కలు నేర్పుతాను."

నేను చేరిన కొత్తలోనే సింహాచలం అనే రోగి మళ్ళీ ఆసుపత్రికి వచ్చాడు. గరివిడి వైపు రైల్వే గేటు కాపలా మనిషి. అంతకుముందు ఏడాది అతని ఎడమ ఊపిరితిత్తిలో గడ్డకి ఇక్కడే వైద్యం చేశారు. గడ్డ తగ్గింది, సంతోషంగా ఇంటికి పంపించారు. ఇప్పుడు వచ్చినవాడు పడుకోలేడు. పడుకుంటే ఊపిరి ఆడదు. మంచం మీద కూర్చుని, ఎదురుగా ఎత్తుగా పెట్టిన తలగడల మీదికి వాలి, పగలూ రాత్రీ అలాగే ఉండేవాడు. కొత్త ఎక్స్‌రే తీస్తే గడ్డ జాడ లేదు. కానీ కిరణం దాటుకుంటూ వెళ్ళిన దారి పొడుగునా ఊపిరితిత్తి గట్టిపడి, మచ్చగట్టి ఉంది. ఆ మచ్చ ఊహించినదానికన్నా చాలా ఎక్కువ.

అప్పలస్వామి గారు వార్డుకి వెళ్తే నేనూ వెంట వెళ్ళాను. సింహాచలం ఆయన్ని గుర్తుపట్టాడు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఆగి, ఊపిరి కూడదీసుకుని అడిగాడు.

"బాబూ, రోగం పోయిందంటన్నారు. మరి ఊపిరాడదేటి?"

అందులో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలని అడిగాడంతే. అప్పలస్వామి గారు మంచం అంచున కూర్చుని అతని వీపు మీద చెయ్యి వేశారు. "నాకు తెలవదు సింవాచలం. కనుక్కుంటాను," అన్నారు. కొన్ని వారాలకే అతను పోయాడు. ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు. ఆ రోజుల్లో ఎక్కడైనా అదే పద్ధతి, అవే లెక్కలు. కొందరికి అలా అవుతుందని పుస్తకాల్లోనే ఉంది. కానీ కనుక్కుంటానని ఒక మనిషికి మాట ఇచ్చారు కనుక, ఆ మనిషి లేకపోయినా ఆయన దాన్ని వదల్లేదు.

అప్పటి లెక్క ఎలా ఉండేదో రెండు ముక్కల్లో చెబుతాను. పెద్ద తొట్టె నిండా నీళ్ళు పోసి, అందులో కిరణం ఏ లోతున ఎంత మిగులుతుందో ముందే కొలిచి గీసిన పటాలు మా దగ్గర ఉండేవి. రోగి ఛాతీ చుట్టూ మెత్తటి సీసపు తీగ వంచి, ఆ ఆకారాన్ని కాగితం మీద దించి, దాని మీద ఆ పటం పెట్టి చూసుకునేవాళ్ళం. అంటే మనిషి నీళ్ళ కుండ కిందే లెక్క. కండకైతే అది సరిపోతుంది, కండ దాదాపు నీళ్ళంత బరువే. ఊపిరితిత్తి అలా కాదు, అది గాలి నిండిన స్పాంజి. దాంట్లోంచి కిరణం పెద్దగా తగ్గకుండానే దూసుకుపోతుంది. కాబట్టి ఊపిరితిత్తి దాటాక కాగితం మీద మేము రాసినదానికన్నా నిజంగా చేరేది ఎక్కువ. ఇది అందరికీ తెలుసు. ఎంత ఎక్కువ అన్నదగ్గరే ఎవరి అంచనా వారిది. చాలాచోట్ల ఆ అంచనా కూడా వేసేవారు కాదు, మేమూ వేసేవాళ్ళం కాదు.

ఒక ఉదయం ఆయన సైకిలు హ్యాండిలుకి అరిటాకులో చుట్టిన పొట్లం తగిలించుకుని వచ్చారు. బల్ల మీద విప్పితే మేక ఊపిరితిత్తులు, గొంతు గొట్టంతో సహా. మా ఇంట్లో గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. నేను గోడ దాకా వెనక్కి జరిగాను.

"మాంసం కొట్టోడు డబ్బులు పుచ్చుకోలేదు. దీన్నేటి సేసుకుంటారు బాబూ, కూర బాగోదు అన్నాడు," అని నవ్వి, జేబులోంచి తాడు, సంచిలోంచి సైకిలు పంపు తీశారు. "నాను గొట్టం పట్టుకుంటాను, నువ్వు గాలి కొట్టు."

కళ్ళు సగం మూసుకుని కొట్టాను. కొట్టిన కొద్దీ ఆ ముడుచుకున్న ఎర్రటి ముద్ద లేత గులాబీ రంగుకి తిరిగి, పొంగి, బల్ల మీద పరుచుకుంది. అప్పటికి నేను కళ్ళు పూర్తిగా తెరిచేశాను. అంత అందమైన వస్తువు ఒంట్లో ఉంటుందని అనుకోలేదు. గొట్టానికి తాడు బిగించి కట్టి, తూచి, నీళ్ళ బకెట్టులో వేస్తే అది బెండులా తేలింది. పెద్ద గిన్నె నిండా నీళ్ళు పోసి, దాన్ని అందులో పూర్తిగా ముంచి, పొర్లిన నీళ్ళని బట్టి దాని పరిమాణం కట్టాం. అదే పరిమాణం ఉన్న నీళ్ళ బరువులో మూడోవంతుకి కూడా కాస్త తక్కువే తూగింది. ఆ సాయంత్రం మా అమ్మ నన్ను పెరటి నూతి దగ్గరే నిలబెట్టి, తలమీంచి నీళ్ళు పోస్తేగాని ఇంట్లోకి రానివ్వలేదు. నీళ్ళు పోస్తూ, "ఉద్యోగం మంచిదేనంటావా?" అని అడిగింది. మంచిదే అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగా అనడం అదే మొదటిసారి.

తరవాత ఆయన ఒక ఛాతీ తయారుచేశారు. ఆసుపత్రి వడ్రంగి చేత మనిషి మొండెం అంత పెట్టె చేయించి, కండ ఉండాల్సిన చోట మైనం పోశారు. ఊపిరితిత్తులు ఉండాల్సిన చోట గుడ్డసంచుల్లో రంపపు పొట్టు కూరారు. మేక ఊపిరితిత్తి ఎంత తేలికగా ఉందో అంత తేలికగా రావాలి. పొట్టు మరీ దట్టిస్తే బరువెక్కేది, వదులుగా వేస్తే పెట్టె కదిలించినప్పుడల్లా కుంగిపోయేది. జల్లెడ పట్టాం, ఎండలో పెట్టాం, తూచాం, విప్పి మళ్ళీ కూరాం. మా జుట్టు నిండా, టిఫిను డబ్బాల్లో, లెక్కల కాగితాల మడతల్లో అంతా పొట్టే. ఆ పెట్టెలో అక్కడక్కడ కన్నాలు పెట్టి, పడిన కిరణం ఎంతో కొలిచే, చిటికెన వేలంత చాంబరుని వాటిలోకి దూర్చి, యంత్రం ఆన్ చేసి కొలిచేవాళ్ళం. పొట్టు సంచికి అవతలివైపు కొలిస్తే, పటం చెప్పినదానికన్నా ఎక్కువే వచ్చింది. ఎన్నిసార్లు కొలిచినా అంతే. ఆ అంకె చూసి ఆయన సంతోషిస్తారనుకున్నాను. కుర్చీలో కూలబడి, "సింవాచలానికి ఇంత పడిందన్నమాట," అన్నారు.

కిరణం దారిలో ఊపిరితిత్తి మందం ఎంతో చూసి, దాన్ని అంతకన్నా పలచటి కండ కింద మార్చి లెక్కకట్టే సూత్రం ఒకటి ఆయన పుస్తకాల్లోంచి తీశారు. పొట్టుకి అవతల మేము కొలిచిన అంకెలకి అది బాగా దగ్గరగా వచ్చింది. దాన్ని పట్టుకుని మా పెద్ద డాక్టరు విశ్వనాథం గారి దగ్గరికి వెళ్ళాం. విశ్వనాథం గారు దక్షిణాది జిల్లాల మనిషి. తక్కువ మాట్లాడతారు, రోగులంటే ప్రాణం. అంకెలు నిదానంగా చూశారు.

"మీ లెక్క తప్పని అనడం లేదు అప్పలస్వామి గారూ," అన్నారు. "నా ఇబ్బంది వేరు. ఇంతకాలం నేను పాత అంకెనే నమ్ముకుని వైద్యం చేశాను. ఆ అంకె రాస్తే గడ్డ ఎంత కరుగుతుందో, ఒళ్ళు ఎంత తట్టుకుంటుందో నా చేతికి తెలుసు. ఆ అంకె అబద్ధమే కావచ్చు, కానీ నాకు అలవాటైన అబద్ధం. రేపటినుంచి మీరు అంకె మార్చేస్తే నేను మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలి. నేర్చుకునేది ఎవరి మీద?"

విశ్వనాథం గారు మొండివారని అనుకుంటూ వెళ్ళిన నాకు, ఆయన భయం ఏమిటో అప్పుడు తెలిసింది. అప్పలస్వామి గారు మాత్రం తగ్గలేదు. ఊపిరితిత్తి పెద్దగా ఉన్నవాడికీ చిన్నగా ఉన్నవాడికీ ఒకే అబద్ధం పడదని, ఎవరికి ఎంత ఎక్కువ పడుతోందో తెలియకుండా చేతి అనుభవం కూడా మోసపోతుందని, గంటసేపు వాదించారు. ఆయన గొంతు పెంచడం నేను అంతకుముందు వినలేదు. చివరికి ఊరి మాట వచ్చేసింది. "డాక్టరు గారూ, ఆ మనిషి నన్నడిగినాడండి. ఆడికి నానేటి సెప్పను?" విశ్వనాథం గారు అంకెల కాగితం మళ్ళీ దగ్గరికి లాక్కుని, ఒప్పుకున్నారు. ఇకనుంచి ఊపిరితిత్తుల కేసులకి కొత్త లెక్కే. ఎక్కువ చేరుతుందని తేలితే ఆ మేరకు యంత్రం పెట్టే సమయం తగ్గిస్తామన్నారు.

అలా కొత్త లెక్కతో మొదలైన మొదటి రోగి గురువులు. కళింగపట్నం జాలరి. ఊపిరితిత్తి నడుమ, చుట్టూ స్పాంజిలాంటి భాగమే ఉన్నచోట, నిమ్మకాయంత గడ్డ. అతనితోపాటు భార్య నీలమ్మ వచ్చింది. శ్రీకాకుళం సంతలో ఎండుచేపలు అమ్మే మనిషి, ఆసుపత్రి వరండాలో పొయ్యి పెట్టుకుని వారంలోపే వార్డులో అందరికీ చుట్టమైపోయింది. అప్పలస్వామి గారు సీసపు తీగతో గురువులు ఛాతీ కొలుస్తుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"చొక్కా కుట్టిస్తారేటి బాబూ?"

"అవునే, లోపలకి కుడతన్నాను," అన్నారాయన. గురువులు నవ్వబోతే దగ్గు వచ్చింది.

రెండో రోజో మూడో రోజో, మందపు గాజు కిటికీలోంచి చూస్తూ అప్పలస్వామి గారు ఉన్నట్టుండి యంత్రం ఆపించేశారు. లోపలికి వెళ్ళేసరికి గురువులు బుగ్గలు ఉబ్బించి, కళ్ళు బిగించి, ఊపిరి పట్టుకుని ఉన్నాడు.

"ఊపిరి తీసుకో రా గురువులూ. ఏటి సేస్తన్నావు?"

గురువులు గాలి వదిలి, "ఫోటోకి ఊపిరి పీల్చి పట్టమన్నారు కదా బాబూ. ఇక్కడ కదలొద్దన్నారు. రెండూ ఒకటే అనుకున్నాను," అన్నాడు. సముద్రంలో మునిగేవాడికి ఊపిరి పట్టడం లెక్కలోది కాదు. అప్పలస్వామి గారు ఆ మాటకి నవ్వి, మరుక్షణం నవ్వు ఆపేశారు. ఎక్స్‌రే తీసేటప్పుడు రొమ్ము నిండా గాలి పట్టిస్తారు. బల్ల మీద మామూలుగా ఊపిరి తీసుకుంటారు. మేము లెక్కలో వేసుకున్న ఊపిరితిత్తి మందం, గాలి నిండిన ఫోటోలోంచి కొలిచింది. ఆ రోజే గురువులుని మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఉండమని మళ్ళీ ఎక్స్‌రే తీయించి, మందం సరిచేశాం. సరిచేస్తున్నంతసేపూ ఆయన చూపు మాటిమాటికీ చెక్కపెట్టె వైపు వెళ్ళింది. ఆయన్ని వేరే సంగతి ఏదో తొలుస్తోందని నాకు అర్థమైంది.

ఆ మధ్యాహ్నం భోజనానికి కూడా వెళ్ళకుండా చెక్కపెట్టె విప్పారు. "ఇన్నాళ్ళూ మనం పొట్టుకి అవతలేపు కొలిసినాం. గురువులు గడ్డ అవతలేపు లేదు. పొట్టు మధ్యన ఉన్నాది. అక్కడ కొలిసినామా?" అని నన్నడిగారు. కొలవలేదు. మైనంతో నిమ్మకాయంత ఉండ చేసి, పొట్టు సంచి నడుమ పెట్టి, దాని అంచున చాంబరు దూర్చి కొలిచాం. వచ్చిన అంకె కొత్త సూత్రం చెప్పినంత లేదు. పాత పటం చెప్పినదానికన్నా ఎక్కువే, కానీ కొత్తదానికన్నా స్పష్టంగా తక్కువ. పొట్టు సర్ది మళ్ళీ కొలిచాం. కిరణం పడే వెడల్పు తగ్గిస్తే తేడా ఇంకా పెరిగింది.

అప్పుడు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. గడ్డకి చేరే కిరణంలో కొంత నేరుగా వచ్చేది, కొంత చుట్టుపక్కల కండకి తగిలి చెదిరి వచ్చి పడేది. చుట్టూ ఉన్నది గాలి నిండిన స్పాంజి అయితే చెదిరి వచ్చేది తగ్గిపోతుంది. సూత్రం నేరుగా వచ్చేది పెరగడాన్ని లెక్కవేసింది, చెదిరేది తగ్గడాన్ని వదిలేసింది. అంటే గురువులు గడ్డకి ఎక్కువ చేరుతోందని చెప్పి మేము సమయం తగ్గించాం. నిజానికి అంత చేరడం లేదు. ఇలాగే సాగితే గడ్డ అంచు చావకుండా మిగిలి, మళ్ళీ పెరుగుతుంది.

నేను అనకుండా ఉండలేకపోయాను. "సార్, ఇంత వాదించి ఒప్పించాం. ఇప్పుడే వెళ్ళి చెబితే ఇక మన మాట ఎప్పుడూ నమ్మరేమో. ఇంకొన్నాళ్ళు కొలిచి, పూర్తిగా తేల్చుకుని వెళ్దామా?"

ఆయన చేతులకంటిన మైనం గోకుతూ నావైపు చూశారు. కోపం లేదు. "గురువులు రేపు పొద్దున్న బల్లెక్కుతాడమ్మా," అన్నారు.

విశ్వనాథం గారి గది తలుపు తట్టడానికి ముందు ఆయన ఒక్క క్షణం ఆగారు. చొక్కా మీద పొట్టు దులుపుకున్నారు. లోపలికి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా, "డాక్టరు గారూ, నేను మీకు చెప్పిన లెక్క తప్పింది," అన్నారు. ఎక్కడ సరిపోయిందో, ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో చెప్పారు. ఎక్కడా దాచలేదు, ఎక్కడా తనని తాను తిట్టుకోలేదు. విశ్వనాథం గారు విన్నారు. దెప్పుతారేమోనని నేను నేల చూపులు చూస్తున్నాను.

"అయితే ఇప్పుడు నేను దేన్ని నమ్మను?" అని అడిగారాయన. అందులో ఎత్తిపొడుపు లేదు, అలసట ఉంది.

"పాతదాన్నీ కాదు, నా సూత్రాన్నీ కాదు. పెట్టెలో కొలిచినదాన్ని నమ్మండి. అయితే పెట్టె మనిషి కాదు. ఇంత అని రాస్తాను, పక్కనే అటూ ఇటూ ఎంత తేడా ఉండొచ్చో కూడా రాస్తాను. పాత పద్ధతిలో అయితే ఎంత వచ్చేదో కింద రాస్తాను. మూడూ చూసుకుని మీరు నిర్ణయించండి."

విశ్వనాథం గారు గురువులు కాగితం తెప్పించి, తగ్గించిన సమయంలో కొంత మళ్ళీ కలిపారు. మొదటి రోజుల్లో తగ్గింది కూడా ఎలా పూరించాలో ఇద్దరూ కూర్చుని చూసుకున్నారు. మేము లేచి వస్తుంటే ఆయన, "మీరు రాకపోతే నాకు తెలిసేది కాదు," అన్నారు.

"మీకు తెలవదండి," అన్నారు అప్పలస్వామి గారు. "గురువులికి తెలుస్తాది."

ఆనాటినుంచి వాళ్ళిద్దరి మధ్య కొత్త స్నేహం కుదిరింది. విశ్వనాథం గారు సాయంత్రం రౌండ్లు అయ్యాక మా గదికి వచ్చి, పొట్టు దులుపుకుని కుర్చీలో కూర్చుని, పెట్టెలో ఇంకా ఎక్కడెక్కడ కొలవాలో తానే చెప్పేవారు. మేము నమ్మకం పోతుందని భయపడ్డచోటే నమ్మకం మొదలైంది. అది నాకు చాలా ఏళ్ళ తరవాత గాని తెలియలేదు.

గురువులు ఇంటికి వెళ్ళాక, మరుసటి ఏడాది ఒక ఆదివారం అప్పలస్వామి గారు నన్ను, విశ్వనాథం గారిని వెంటబెట్టుకుని కళింగపట్నం వెళ్ళారు. వంశధార సముద్రంలో కలిసే చోటుకి ఇవతల, ఇసుకలో ఎండుతున్న చేపల వరసల మధ్య, గురువులు వల బాగుచేసుకుంటూ కూర్చుని ఉన్నాడు. బరువులు ఎత్తడం మానేశాడు గాని, చుక్కాని పట్టడానికి పడవెక్కుతున్నాడట. అప్పలస్వామి గారు అతన్ని లేపి, మాటల్లో పెట్టి, మెత్తటి ఇసుకలో లైట్‌హౌస్ వైపు నడిపించారు. పక్కన నడుస్తూ ఆయన వింటున్నది మాటలు కాదని నాకు తెలుసు. వెనక్కి వచ్చాక గురువులు ఆయాసపడకుండా, "ఏటి బాబూ, పరీచ్చ పాసేనా?" అని అడిగాడు. నీలమ్మ మాకు కొబ్బరి బోండాలు కొట్టించింది. నేను శాకాహారినని ఎవరో చెబితే జాలిగా చూసి, ఆ జాలి తీర్చుకోవడానికి రెండోది కూడా తాగించింది.

గురువులు ఆ తరవాత కొన్ని చేపల వేట సీజన్లు చూశాడు. చివరికి రోగం ఇంకోచోట తేలింది. అప్పటి వైద్యానికి అంతకుమించి చేతకాలేదు. అతను పోయాక నీలమ్మ కబురు చెప్పడానికి స్వయంగా వచ్చింది. మా గదిలో నేల మీదే కూర్చుంది. ఏడవలేదు. "ఆకరి దాకా పడుకోని నిద్దరోయినాడు బాబూ. ఊపిరికి కొట్టుకోలేదు. మా ఈదిలో ఒకలు ఇద్దరు ఇలాటి జబ్బుతో కూకోనే పోయారు. మావోడు పడుకున్నాడు," అంది. అప్పలస్వామి గారు తల వంచుకుని విన్నారు. ఆవిడని బస్సు దాకా సాగనంపి వచ్చాక, నేను ఉండబట్టలేక, "మన లెక్క వల్లే కదా సార్," అన్నాను.

"ఒక్క మనిషిని సూసి అలాగనకూడదమ్మా," అన్నారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "అనుకోవాలని నాకూ ఉన్నాది," అన్నారు.

ఆయన రిటైరై ఊరికి వెళ్ళిపోయాక ఆ గది నాకు వచ్చింది. తరవాత కంప్యూటర్లు వచ్చాయి, శరీరాన్ని పొరలు పొరలుగా చూపించే స్కానింగులు వచ్చాయి. చెదిరే కిరణాన్ని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతులు ఒకదాని తరవాత ఒకటి వచ్చాయి. వచ్చిన ప్రతి పద్ధతీ ముందుదాని తప్పు చూపించి, తన తప్పు తరవాతదానికి వదిలి వెళ్ళింది. చీపురుపల్లి స్టేషన్లో దిగి, జట్కాలో వెళ్ళి, ఆ కొత్తవాటి గురించి ఆయనకి చెప్పి వస్తుండేదాన్ని. వాకిట్లో మంచం మీద పడుకుని శ్రద్ధగా వినేవారు. చివరిసారి వెళ్ళినప్పుడు మాట సరిగ్గా రావడం లేదు. నేను చెప్పింది విని, నా చెయ్యి పట్టుకుని, "బాగుంది," అన్నారు. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, పొలాల్లో వరి కోతలు చూస్తూ విజయనగరం దాకా ఏడ్చాను.

నా ఉద్యోగంలో నేను రెండు మూడుసార్లు గట్టిగా వాదించి గెలిచాను. ఆ గెలిచినవాటిలో ఒకటి తప్పని తరవాత నాకే తెలిసింది. ఇంకొన్నాళ్ళు ఆగుదామని నాలోనూ ఒక గొంతు అంది. అయినా వెళ్ళి, గెలిచి వచ్చిన గది తలుపునే మళ్ళీ తట్టాను. కూర్చోమంటే కూర్చోలేదు. "నేను చెప్పింది తప్పింది," అన్నాను. ఆ మూడు మాటలు ఎలా పలకాలో, ఎంత గొంతుతో పలకాలో, పలికాక చూపు ఎక్కడ నిలపాలో నాకు ముందే తెలుసు.